పదేళ్లు నిండిన మేజర్: హనుమకొండ నుంచి ఒక కేస్ స్టడీ

2025 సంక్రాంతి సెలవులకు ఊరికి వచ్చిన ఒక మేజర్, కనుమ మరునాడు హనుమకొండలో మా ఇంటికి వచ్చి రెండున్నర గంటలు కూర్చున్నాడు. పేరు రాయను. పరకాల వైపు ఊరు, రైతు కుటుంబం, వయసు ముప్పై మూడు నడుస్తోంది. వరంగల్‌లోనే మెకానికల్ బీటెక్ చేసి, క్యాంపస్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వద్దనుకుని, షార్ట్ సర్వీస్ (పదేళ్ల ఒప్పందం) టెక్నికల్ ఎంట్రీలో చెన్నై ఓటీఏకి, అంటే ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీకి వెళ్లాడు. 49 వారాల ట్రైనింగ్ తర్వాత 2015 సెప్టెంబర్‌లో ఈఎంఈలో లెఫ్టినెంట్ అయ్యాడు. ఈఎంఈ అంటే ఆర్మీ బండ్లు, ట్యాంకులు, తుపాకులు, జనరేటర్లు బాగుచేసే కోర్. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, అవి టైముకి అందరికీ వచ్చినట్టే వచ్చాయి. పర్మనెంట్ కమిషన్ (పీసీ), అంటే రిటైర్‌మెంట్ దాకా ఉండే నియామకం, మాత్రం రాలేదు. దాన్ని తేల్చే నంబర్ 5 సెలక్షన్ బోర్డు రిజల్ట్ వచ్చింది, అందులో ఆయన పేరు లేదు, పొడిగింపు ఇస్తాం, నాలుగేళ్లు ఉంటావా లేక పదేళ్లకే వెళ్తావా రాసివ్వమన్నారు.

"అన్నా, ఉండాల్నా, రావాల్నా? నువ్వే చెప్పు."

నేనూ షార్ట్ సర్వీస్ వాడినే. ఆర్మీ సర్వీస్ కోర్‌లో పదేళ్లు చేసి 2012లో బయటికి వచ్చాను, తర్వాత కొన్నేళ్లు ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ చూశాను, ఇప్పుడు ఇలా బయటికి వచ్చే కుర్ర ఆఫీసర్లకు రెండో ఉద్యోగం దారి పట్టించే పనే నా పని. ఈ కేసు ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇందులో ఆయన చేసిన తప్పులున్నాయి, నేను చేసినవీ ఉన్నాయి. సర్వీసులో ఏడో సంవత్సరమో ఎనిమిదో సంవత్సరమో నడుస్తున్న కెప్టెన్లు, మేజర్లు ముఖ్యంగా చదవాలని నా కోరిక.

ముందు బోర్డు సంగతి. పీసీ రాలేదంటే పనికిరాడని అర్థం కాదు, ఈ మాట ఆయనకు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆర్మీ నిర్మాణమే గోపురంలాంటిది, కింద వెడల్పు, పైన సన్నం. 2004లో, ఆఫీసర్ల ప్రమోషన్ల మీద వేసిన ఏవీ సింగ్ కమిటీ సిఫార్సులు అమల్లోకి వచ్చాక లెఫ్టినెంట్ కల్నల్ దాకా టైము ప్రకారం వస్తుంది, పదమూడేళ్లకు. కల్నల్ నుంచి సెలక్షన్ మొదలు, అక్కడ పర్మనెంట్ వాళ్లలోనూ చాలామంది ఆగిపోతారు. అదే కమిటీ, పర్మనెంట్ వాళ్లు తక్కువ ఉండి షార్ట్ సర్వీస్ వాళ్లు ఇంకాస్త ఎక్కువ ఉండాలని, ఒకరికి 1.1 లెక్కన, చెప్పింది. అంటే ఈ ఏర్పాటులోనే కొందరు పదేళ్లకో పద్నాలుగేళ్లకో ఇంటికి రావాలని రాసిపెట్టి ఉంది. ఎవరి పనితనం మీదా అది తీర్పు కాదు.

దీనికి తోడు ఆర్మీలో మనుషుల తగ్గింపు. మన దగ్గర తగ్గింపు అంటే నోటీసు ఇచ్చి పంపడం కాదు కాబట్టి చాలామంది కంటికి కనపడదు. అమెరికాలో ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలు సద్దుమణిగాక 2014లో బోర్డులు పెట్టి వెయ్యికి పైగా కెప్టెన్లను, ఐదు వందలకు పైగా మేజర్లను ఎంచి పంపించారు, కొందరికి ఆ కబురు అఫ్గానిస్తాన్‌లో డ్యూటీలో ఉండగానే అందింది. ఇక్కడ అలా జరగదు, ఖాళీ అయిన కుర్చీని నింపకుండా వదిలేస్తారు. 2020 నుంచి రెండేళ్లు కరోనా వల్ల జవాన్ల రిక్రూట్‌మెంట్ ర్యాలీలు ఆగిపోయాయి, 2022 జూన్ 14న అగ్నిపథ్ వచ్చింది, నాలుగేళ్లకు నూటికి 25 మందే మిగులుతారన్నారు. మూడు రోజులకు, దాన్ని వ్యతిరేకిస్తూ జరిగిన ఆందోళనలో, సికింద్రాబాద్ స్టేషన్‌లో కాల్పులు జరిగి ప్రాణం పోయిన పిల్లగాడు మన వరంగల్ జిల్లా వాడే. ఇక్కడ ఏ ఊళ్లో తెల్లవారుజామున రోడ్డు మీదికి వెళ్లినా పరుగు తీసే కుర్రాళ్లు కనపడేవాళ్లు, ఆ ఏడాది తర్వాత వాళ్లు పలచబడ్డారు, నేను కళ్లారా చూశాను.

ఆఫీసర్ల లెక్క వేరే. 2025 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం ముందు పెట్టిన లెక్కల ప్రకారం 50,538 మంది ఆఫీసర్లు ఉండాల్సిన చోట 42,095 మందే ఉన్నారు. మేజర్ ఈ అంకె చూపించి, "ఇంత కొరత ఉంటే నన్నెందుకు ఉంచుకోరన్నా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కొరత కింద ఉంది, లెఫ్టినెంట్, కెప్టెన్ పనుల్లో, యూనిట్లలో. పర్మనెంట్ సీటు ఇవ్వడమంటే ఇంకో ఇరవై ఏళ్లు పైన చోటు చూపించడం, ఆ చోటు లేదు. ఇక ఈఎంఈకి ఇంకో దెబ్బ ఉంది. సైన్యం పోరాట బలం పెంచి ఖర్చు సర్దడానికి వేసిన షేకట్కర్ కమిటీ సిఫార్సుల్లో 65 ఒప్పుకుని 2017 ఆగస్టులో ప్రభుత్వం సుమారు 57,000 మందిని వేరే పనుల్లోకి సర్దుతామని ప్రకటించింది, అందులో 39 మిలిటరీ ఫారాల మూసివేతతో పాటు బేస్ వర్క్‌షాపులు, స్టేషన్ వర్క్‌షాపుల మార్పులు కూడా ఉన్నాయి. ఆయన పనిచేసే ఈఎంఈ ఆ సర్దుబాటు మధ్యలో ఉంది. ఈ విషయం ఆయనకు తెలుసు, కానీ తన పదో ఏడుకి దీనికీ లంకె పెట్టి చూడలేదు.

ఇప్పుడు ఆయన చేసిన పెద్ద తప్పు. పీసీ వస్తుందన్న ధీమాతో రీసెటిల్‌మెంట్ కోర్సుకు దరఖాస్తే పెట్టలేదు. డీజీఆర్ అని ఢిల్లీలో ఒక డైరెక్టరేట్ ఉంది, బయటికి వచ్చే ఆఫీసర్లను ఐఐఎంల లాంటి చోట్ల ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సుకు పంపిస్తుంది, ఫీజులో సగానికి పైగా అదే కడుతుంది, సర్వీసులో ఉండగానే, జీతం వస్తుండగానే చదువుకోవచ్చు. దానికి నెలల ముందే పేరు పెట్టుకోవాలి, సీట్లు తక్కువ. ఆయన నా దగ్గరికి వచ్చేసరికి ఆ బ్యాచ్ వెళ్లిపోయింది. నాకు నిజంగా బాధేసింది. డిగ్రీ కాగితం అటుంచండి, ఆ ఆరు నెలలు సివిల్ మనుషుల మధ్య కూర్చుని వాళ్ల భాష వినే అవకాశం పోయింది, దాని ధర తర్వాత భూపాలపల్లిలో కట్టాల్సి వచ్చింది, అది ముందుముందు చెప్తాను.

రెండోసారి కలవడానికి నేనే వాళ్ల ఊరు వెళ్లాను. ఇలాంటి కేసుల్లో ఇల్లు చూడకుండా సలహా ఇవ్వకూడదని అనుభవం మీద తెలుసుకున్నాను. ముందు గదిలో మంచం పక్కన నల్ల రేకు ట్రంకు ఉంది. ఆర్మీలో అందరికీ ఉండేదే, మూత మీద తెల్ల పెయింట్‌తో నంబరు, ర్యాంకు, పేరు. దగ్గరికి వెళ్లి చూస్తే "మేజర్" అన్న అక్షరాల కింద నల్ల పెయింట్ పూత, ఆ పూత కింద నుంచి "కెప్టెన్" అన్న అక్షరాల అంచులు లీలగా కనపడుతున్నాయి, ఇంకా కింద "లెఫ్టినెంట్" పొడవు ఎక్కువ కాబట్టి దాని తోక పక్కకు మిగిలిపోయింది. నేను దాన్నే చూస్తున్నానని వాళ్ల బాపు గమనించాడు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మి అప్పుడే వచ్చాడు, తలకు రుమాలు అలాగే ఉంది. మంచినీళ్ల చెంబు నా చేతికిచ్చి, కొడుకు పెరట్లోకి వెళ్లాక, గొంతు తగ్గించి అడిగాడు.

"సారూ, నిజం చెప్పున్రి, మా పిలగాన్ని తీసేసిన్రా?"

లేదని చెప్పాను. పదేళ్లకు ఒప్పందం, ఒప్పందం పూర్తయింది, గౌరవంగా వస్తున్నాడు, ఇంకో నాలుగేళ్లు ఉండమని వాళ్లే అడుగుతున్నారు కూడా అన్నాను. ఆయన తలూపాడు గానీ నమ్మినట్టు లేదు. "ఊళ్లె గట్లనే అనుకుంటరు బిడ్డా. పెద్ద ఆఫీసరయి రిటైర్‌మెంట్‌కు ముందే ఇంటికొచ్చిండంటే ఏదో చేసిండనే అంటరు." ఆ మాట విన్నాక నాకు ఒక సంగతి తెలిసింది. మేజర్ పొడిగింపు వైపు మొగ్గుతున్నది జీతం కోసం కాదు, ఈ మాట కోసం. నాలుగేళ్లు ఉంటే పదమూడో ఏట లెఫ్టినెంట్ కల్నల్ అవుతాడు, ట్రంకు మీద ఇంకో పూత పడుతుంది, ఊళ్లో ఆ పేరుతో దిగొచ్చు.

పొడిగింపు తప్పు అని నేను అనను. దాన్ని లెక్క వేసి తీసుకోవాలి. లెఫ్టినెంట్ కల్నల్ బేసిక్ 1,21,200 దగ్గర మొదలవుతుంది, మేజర్‌ది 69,400, దాని మీద 15,500 మిలిటరీ సర్వీస్ పే, డీఏ. మంచి డబ్బే. పొడిగింపు కాలంలో ఎప్పుడైనా రాజీనామా చేసే వీలు కూడా ఉంది, కాబట్టి అది తాడు కట్టినట్టు కాదు. కానీ పెన్షన్‌కు ఇరవై ఏళ్లు కావాలి, పద్నాలుగు చేసినా పది చేసినా పెన్షన్ సున్నా. వచ్చేది గ్రాట్యుటీ, ప్రతి ఆరు నెలల సర్వీసుకు అర నెల జీతం లెక్కన, పదేళ్లకు దాదాపు పది నెలల జీతం. దానికి తోడు ఆఫీసర్ల ప్రావిడెంట్ ఫండ్ డీఎస్‌ఓపీలో తను దాచుకున్నది, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ మెచ్యూరిటీ. 2019 నుంచి షార్ట్ సర్వీస్ వాళ్లకూ డబ్బు కట్టి మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో చేరే వీలు వచ్చింది, ఇది మాత్రం మా కాలంలో లేదు, తప్పకుండా తీసుకోమని చెప్తాను, దాని విలువ అంతా ఇంతా కాదు.

నా లెక్క ఇది. ముప్పై మూడేళ్ల మేజర్‌ను ఒక ఫ్యాక్టరీ మధ్య స్థాయి మేనేజర్‌గా తీసుకోవడానికి వెనకాడదు, పని నేర్చుకుంటాడులే అనుకుంటుంది. ముప్పై ఏడేళ్ల లెఫ్టినెంట్ కల్నల్ వస్తే ఆయన వయసుకు, ర్యాంకుకు తగ్గ కుర్చీ వెయ్యాలి, ఆ కుర్చీలో కూర్చోవడానికి కావాల్సిన పరిశ్రమ అనుభవం ఆయనకు ఉండదు, దాంతో చివరికి సెక్యూరిటీ హెడ్, అడ్మిన్ హెడ్ దగ్గర ఆగుతుంది వ్యవహారం. పైగా టెక్నికల్ ఆఫీసర్‌కు ఆ నాలుగేళ్లలో ఎక్కువ కాలం స్టాఫ్ పోస్టింగులో, ఫైళ్ల మీద గడిచిపోవచ్చు. పదో ఏట ఇంజిన్ వాసన చేతులకు ఉంటుంది, పద్నాలుగో ఏట సంతకం మాత్రమే ఉంటుంది. సివిల్స్ రాయాలనుకునే వాళ్ల సంగతి చూసినా అంతే, ఐదేళ్ల సర్వీసు చేసి వచ్చిన వాళ్లకు యూపీఎస్‌సీ ఇచ్చే సడలింపు ఐదేళ్లు, జనరల్ వాళ్లకు 32కి ఐదు కలిపితే 37. పద్నాలుగేళ్లు చేసి వచ్చేసరికి ఆ తలుపు మూసుకుంటుంది.

(ఈ సడలింపుకు పాత చరిత్ర ఉంది. 1962 చైనా యుద్ధం తర్వాత ఎమర్జెన్సీ కమిషన్ కింద వేల మందిని ఆఫీసర్లుగా తీసుకున్నారు, చెన్నైలో ఇప్పుడున్న ఓటీఏ 1963లో వాళ్ల కోసం పెట్టిన స్కూలే. అవసరం తీరాక 1960ల చివరిలో చాలామందిని విడుదల చేశారు, వాళ్ల కోసం ఐఏఎస్, ఐపీఎస్ లాంటి సర్వీసుల్లో కొన్ని ఖాళీలు పక్కన పెట్టారు. అప్పుడు విడుదలైన వాళ్లకు ప్రభుత్వం దారి చూపింది. ఇప్పుడు అలాంటి కోటా గ్రూప్ ఏ సివిల్ సర్వీసుల్లో లేదు, ఎక్స్‌సర్వీస్‌మెన్ రిజర్వేషన్ కేంద్ర ఉద్యోగాల్లో గ్రూప్ సీకి పది శాతం అంటూ కింద ఉంటుంది, మేజర్‌గా చేసినవాడు అటు చూడడు.)

ఇన్‌ఫాంట్రీ ఆఫీసర్ అయి, చేతిలో సాంకేతిక పని లేకపోతే నా సలహా వేరేగా ఉండేది, పొడిగింపు తీసుకుని, ఏడాదిన్నరలో ఫలానా తేదీకి వస్తానని రాసిపెట్టుకుని, ఈలోగా ఒక కోర్సు చెయ్యమనేవాణ్ని. అందరికీ ఒకే మందు లేదు.

ఇక రెజ్యూమె. ఆయన తెచ్చింది మూడు పేజీలు, నిండా కోర్సుల పేర్లు, యూనిట్ల పేర్లు, మెడల్స్. రెండో పేజీలో ఒక వాక్యం ఇలా ఉంది: "హై ఆల్టిట్యూడ్ ఏరియాలో వర్క్‌షాప్‌ను కమాండ్ చేసి ఆపరేషనల్ రెడీనెస్‌ను అత్యున్నత స్థాయిలో నిలబెట్టాను." ఇది చదివిన ఫ్యాక్టరీ మేనేజర్‌కు ఏమీ తెలియదు. నేను అడగడం మొదలుపెట్టాను. నువ్వు చార్జి తీసుకున్న రోజు వీఓఆర్ ఎంత? వీఓఆర్ అంటే రోడ్డెక్కకుండా నిలబడిపోయిన బండ్ల లెక్క, ప్రతి వర్క్‌షాపులో పొద్దున్నే ఆ రిజిస్టర్ తెరుస్తారు. నూటికి పన్నెండు అన్నాడు. వచ్చేసిన రోజు? ఐదు. ఎన్ని నెలల్లో? పదకొండు. ఏం చేశావు? ఇక్కడ ఆయన మొహం మారింది, కుర్చీలో ముందుకు జరిగాడు. నిలబడ్డ బండ్లలో సగం పెద్ద రిపేరు కోసం ఆగలేదట. బ్యాటరీ, స్టార్టర్, హోస్ పైపు, ఇలాంటి చిన్న వాటి కోసం ఆగాయట. చలికి డీజిల్ గడ్డకడుతుంది, డ్రైవర్ నాలుగుసార్లు సెల్ఫ్ కొడతాడు, స్టార్టర్ పోతుంది. ఆయన పొద్దుటి స్టార్టింగ్ పద్ధతి మార్చి, స్టార్టర్ బాగుచేసే బెంచి ఒకటి వేరుగా పెట్టి, ఏ సామాను ఎన్ని రోజుల ముందు అడగాలో గోడ మీద పట్టిక కట్టాడు. పావుగంట ఆపకుండా చెప్పాడు. ఆ పావుగంటలో "కమాండ్" అన్న మాట ఒక్కసారి రాలేదు.

అదే రెజ్యూమె అన్నాను. మూడు పేజీలు చింపి ఒకటిన్నర పేజీ చేశాం. యూనిట్ నంబరు, చోటు, బండ్ల సంఖ్య ఏవీ పెట్టలేదు, పెట్టకూడదు కూడా, శాతాలు మాత్రమే రాశాం. ఈ జాగ్రత్త చాలామంది కుర్ర ఆఫీసర్లు మరిచిపోతున్నారు, ఉద్యోగాల సైట్లలో యూనిట్ పేరు, లొకేషన్‌తో సహా పెడుతున్నారు, దయచేసి తీసెయ్యండి.

ఇక్కడ నా తప్పు. రెజ్యూమె బాగా వచ్చిన ఉత్సాహంలో నేను పుణె, చెన్నై కంపెనీలకు పంపించాను, రెండు చోట్ల ఇంటర్వ్యూ దాకా వచ్చింది. ఆయన భార్యతో నేను మాట్లాడనే లేదు. ఆమె హనుమకొండలో ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తుంది, పాపకు ఐదేళ్లు. పుణె ఆఫర్ దాదాపు ఖాయమయ్యాక ఆమె ఫోన్ చేసింది. "సార్, పెండ్లయి ఏడేండ్లాయె. మేం ఒక ఇంట్ల ఉన్న రోజులు లెక్కపెడితే రెండేండ్లు కాలే. ఆర్మీ అంటే సరే అనుకున్న. ఇప్పుడు మల్ల పుణె అంటే, నా ఉద్యోగం ఇడిచిపెట్టి రావాల్నా, మల్ల గిట్లనే ఉండాల్నా?" నా దగ్గర జవాబు లేదు. మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న మూడో నెలలో ఆమె నన్ను అడగాల్సి వచ్చింది. ఆ ఆఫర్ వదిలేశాం. అప్పటి నుంచి నేను ఏ కేసైనా ఇద్దరినీ కూర్చోబెట్టకుండా మొదలుపెట్టడం లేదు.

మధ్యలో హైదరాబాద్‌లో ఒక సంస్థ నుంచి సెక్యూరిటీ అడ్మిన్ మేనేజర్‌గా పిలుపు వచ్చింది. జీతం బాగానే ఉంది, వారానికోసారి కాజీపేట రైలెక్కి రావచ్చు. ఆయనకు మొగ్గు ఉంది. నేను వద్దని గట్టిగా చెప్పాను. ఆర్మీ అనగానే జనం గేటు దగ్గర నిలబెట్టాలని చూస్తారు, ఆ పని చిన్నదని కాదు, కానీ ఇంజిన్ తెలిసినవాడు ఒకసారి ఆ కుర్చీలో కూర్చుంటే మూడేళ్ల తర్వాత మెయింటెనెన్స్ వైపు తిరిగి రాలేడు. ఇంకోటి, 2023 జనవరిలో ట్రైనింగ్ మొదలైన అగ్నివీరుల మొదటి బ్యాచ్‌కు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఏటా వేలమంది ఇరవై నాలుగేళ్ల పిల్లలు, క్రమశిక్షణ ఉన్నవాళ్లు, ఇదే సెక్యూరిటీ మార్కెట్లోకి వస్తారు. ఆ దారి ముందుముందు ఇరుకవుతుందని నా అంచనా.

చివరికి దారి మన దగ్గరే దొరికింది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీద ఉన్న మట్టిని తియ్యడానికి ప్రైవేటు కాంట్రాక్టర్లు ఉంటారు. ఓబీ పని అంటారు. పెద్ద పెద్ద టిప్పర్లు, ఎక్స్‌కవేటర్లు, రాత్రీపగలూ నడుస్తాయి, బండి నిలబడితే కాంట్రాక్టర్‌కు గంటగంటకూ నష్టం. నాకు పరిచయం ఉన్న ఒక కాంట్రాక్టర్ దగ్గర మెయింటెనెన్స్ మనిషి కావాలని విన్నాను. ఏప్రిల్‌లో మేజర్ సెలవు మీద వచ్చినప్పుడు ఉద్యోగం మాట ఎత్తకుండా మూడు రోజులు ఆ షెడ్డులో ఊరికే తిరిగి చూడమని తీసుకెళ్లాను.

మొదటి రోజు ఎండకు షెడ్డు రేకులు కాలుతున్నాయి. పదకొండు టిప్పర్లు వరసగా నిలబడి ఉన్నాయి. మేజర్ ఒక్కో బండి దగ్గరికి వెళ్లి మేస్త్రీని ఒకే ప్రశ్న అడిగాడు, "ఇది ఎన్ని రోజుల సంది నిలబడ్డది?" మేస్త్రీ యాభై దాటినవాడు, గోదావరిఖని మనిషి, మొదట చిరాకుగా, తర్వాత ఆలోచిస్తూ చెప్పాడు. సాయంత్రానికి మేజర్ చేతిలో సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసిన లెక్క ఉంది: పదకొండులో నాలుగు హైడ్రాలిక్ హోస్ కోసం, రెండు టైర్ల కోసం, ఒకటి కేవలం ఒక సెన్సర్ కోసం. హోస్‌లు మూడు చోట్ల విడివిడిగా పెట్టారు, ఒక చోట ఉన్న సైజు ఇంకో చోట ఉందని ఎవరికీ తెలియదు. మూడో రోజు కాంట్రాక్టర్ వచ్చి ఆ అట్ట చూసి, ఎప్పటి నుంచి వస్తావన్నాడు. సెప్టెంబర్ తర్వాత అన్నాడు ఈయన. పొడిగింపు వద్దని రాసిచ్చింది ఆ వారంలోనే.

జీతం ఆర్మీలో వచ్చేదాని కంటే నెలకు నలభై వేల చిల్లర తక్కువ. ఈ మాట దాచకూడదు. మెస్, క్వార్టర్, క్యాంటీన్ సరుకు, ప్రయాణ రాయితీ ఇవన్నీ పోయాయంటే తేడా ఇంకా ఎక్కువే. గ్రాట్యుటీ డబ్బు ముట్టుకోకూడదని ముందే మాట తీసుకున్నాను. హంటర్ రోడ్డులో ప్లాటు చూశానని ఒకరోజు ఫోన్ చేశాడు, బావమరిది చెప్పాడట. ఏడాది ఆగమన్నాను, ఆగాడు. టర్మ్ ఇన్సూరెన్స్ మాత్రం యూనిఫాం విప్పకముందే తీసుకోమన్నాను, ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ కవరు ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

మొదటి రెండు నెలలు కష్టం. ఆర్మీలో ఆయన చెప్పింది జరిగేది. ఇక్కడ పొద్దున ఆరింటికి రమ్మంటే మెకానిక్‌లు ఏడున్నరకు వచ్చారు, గట్టిగా మందలిస్తే జార్ఖండ్ నుంచి వచ్చిన ముగ్గురు మరునాడు పక్క కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లిపోయారు. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్. "అన్నా, నాకు టెన్షన్ అయితాంది. నేనిక్కడ ఎవన్నీ చార్జిషీట్ చెయ్యలేను, ఎవనికీ సెలవు ఇయ్యలేను, ఇంక నా చేతిల ఏమున్నది?" చాలాసేపు మాట్లాడాను. ఆ ఆరు నెలల కోర్సు చేసి ఉంటే ఈ దెబ్బ క్లాస్‌రూంలో తగిలేది, షెడ్డులో తగిలింది. మేస్త్రీని పక్కన పెట్టి పని చెయ్యాలని చూస్తున్నావు, ఆయన నీ సుబేదార్ సాబ్ అనుకో అన్నాను. ఏ కుర్ర ఆఫీసరైనా యూనిట్‌కు వెళ్లిన మొదటి ఏడు పని నేర్చుకునేది సిపాయిగా చేరి పైకి వచ్చిన, ముప్పై ఏళ్ల సర్వీసున్న జేసీఓ (సుబేదార్ లాంటివాడు) దగ్గరే కదా. ఆ మాట పట్టింది. మేస్త్రీతో కలిసి టీ తాగడం, పొద్దుటి పట్టిక ఆయన చేతే రాయించడం మొదలుపెట్టాడు. మేస్త్రీకి ఇంగ్లీషు రాదు, అందుకని పట్టిక తెలుగులో, బండి నంబరు, ఏ సామాను, ఎన్నో రోజు. షెడ్డు గోడకు ఫ్లెక్స్ మీద అది ఇప్పటికీ ఉంది. వెళ్లిపోయిన ముగ్గురిలో ఇద్దరు తిరిగి వచ్చారు.

ఇప్పుడు ఎనిమిదో నెల. జీతం కొంచెం పెరిగింది, ఆర్మీ జీతాన్ని ఇంకా అందుకోలేదు. ఆదివారం హనుమకొండలో పాపతో ఉంటాడు. మట్టి కాంట్రాక్టు గడువు రెండేళ్లే, తర్వాత అది ఎవరికి పోతుందో తెలియదు, కాబట్టి ఆయన భద్రంగా స్థిరపడ్డాడని నేను రాయను. ఈసారి మాత్రం ముందే మొదలుపెట్టాం, సాయంత్రాలు మెయింటెనెన్స్, రిలయబిలిటీ మీద ఆన్‌లైన్ సర్టిఫికేట్ ఒకటి చదువుతున్నాడు, రామగుండం వైపు పెద్ద ప్లాంట్లలో ఏ ఖాళీలు పడుతున్నాయో నెలకోసారి కూర్చుని చూస్తున్నాం.

మొన్న ఊరు వెళ్తే వాళ్ల బాపు ట్రంకును వసారాలోకి మార్చాడు, విత్తనాల సంచులు పెట్టుకున్నాడు. మూత మీద మేజర్ అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి, వాటిని కడగనివ్వలేదట. ఊళ్లో ఏమంటున్నారని అడిగాను. "ఏమంటరు సారూ, బొగ్గుబాయి కాడ పెద్ద సారంట అంటున్నరు" అన్నాడు.

పోయిన వారం మేజర్ ఒక కెప్టెన్‌ను నా దగ్గరికి పంపాడు. ఆర్మీ సిగ్నల్స్ కోర్, నర్సంపేట పిల్లవాడు, ఆరేళ్ల సర్వీసు. "ఇంక నాలుగేండ్లు ఉన్నది కద సార్, అప్పుడే ఎందుకని అడిగిన, అన్న తిట్టిండు" అన్నాడు. ఇద్దరూ రావాలని చెప్పి పంపాను, వచ్చే ఆదివారం భార్యను తీసుకుని వస్తున్నాడు. డీజీఆర్ కోర్సు దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో తేదీ వేసి, ఆ కాగితం ఇంట్లో గోడకు అంటించుకోవాలి, ఆదివారం మొదటి పని అదే.